ఇరవైలో లేనివాడు

ఓడిపోయే జట్టుకి అసలు ఆట చలికాలంలో మొదలవుతుంది. ఎండల్లో మైదానం మీద పోగొట్టుకున్నదంతా చలికాలం ఆఫీసు గదిలో హీటరు పక్కన కూర్చుని తిరిగి గెలుచుకోవచ్చని మా పోహాంగ్ హామర్స్ పెద్దలకి గట్టి నమ్మకం. కొరియా బేస్‌బాల్‌లో మూడేళ్లుగా మాది ఆఖరి స్థానం. అది మాకు తాతలనాటి ఆస్తిలా స్థిరపడిపోయింది. ఈ ఏడు మా ఛైర్మన్‌కి ఎక్కడలేని రోషం వచ్చి, జొంజు క్రేన్స్ జట్టు నుంచి బంతులు విసరడంలో పేరుమోసిన పిచ్చర్ని కొనుక్కొచ్చాడు. ఊళ్లో బస్సుల మీద కూడా ఆ పిచ్చర్ ముఖమే.

అంత పెద్ద ఆటగాణ్ణి డబ్బు పారేసి తెచ్చుకుంటే సరిపోదు. బదులుగా మా ఆటగాళ్లలో ఒకణ్ణి జొంజు వాళ్లకి ఇచ్చుకోవాలి. ఇరవైమందిని మాత్రం ‘వీళ్ల జోలికి రాకండి’ అని మేం కాపాడుకోవచ్చు. ఆ ఇరవైకి బయట ఉన్నవాళ్లలో ఎవడి మీద వాళ్లు వేలు పెడితే వాడు మూటాముల్లె సర్దుకోవాల్సిందే. అందుకే డిసెంబరు వచ్చిందంటే మాలో ఎవడికీ తిండి సయించదు. ఫోను మోగితే పెళ్లాం ఎత్తేదాకా ఎవడూ ముట్టుకోడు.

నేను తక్ గ్యుచోల్‌ని, ఆ జట్టు క్యాచర్ని, అంటే పిచ్చర్ విసిరిన బంతిని గొంతుక్కూర్చుని పట్టేవాణ్ణి. ముప్ఫయ్యారేళ్లొచ్చాయి. నా మోకాళ్లు చెప్పాపెట్టకుండా ఎప్పుడో రిటైరైపోయాయి, నేనే ఇంకా కాలేదు. నన్ను ఆ ఇరవైలో పెట్టింది నా ఆట చూసి కాదు. జట్టులో పోహాంగ్‌లో పుట్టి పెరిగినవాణ్ణి నేనొక్కణ్ణే మిగిలాను. నన్ను వదిలేస్తే చేపల బజారులో ఆడవాళ్లు ఛైర్మన్ కారుకి అడ్డం పడతారని ఆయన భయం. రెండేళ్ల కొత్త ఒప్పందం సిద్ధంగా ఉంది. సంతకం పెట్టడమే మిగిలింది. ఆ రెండేళ్లు నాకు ఎంత అవసరమో వేరే చెప్పక్కర్లేదు. బంతి పట్టుకోవడం తప్ప నాకు మరో పని రాదు.

ఇరవైలో లేనివాడు మో జున్‌సొక్. ఇరవై రెండేళ్ల కుర్రాడు, వాడూ క్యాచరే. కురియోంగ్‌పో రేవులో స్క్విడ్ పడవ నడిపే ఆయన కొడుకు. వాడు కూర్చున్న చోటునుంచి సెకండ్ బేస్‌కి బంతి విసిరితే, దొంగ పరుగు తీసేవాడు సగం దారిలోనే తల వేలాడేసేవాడు. వాడికి కూర్చోవడం, పిచ్చర్ని బుజ్జగించడం, అంపైర్ని నవ్వించడం అన్నీ నేనే నేర్పాను. నాలుగేళ్లుగా నా సంచి వాడే మోశాడు. నాకు రెండు చేతులతో సోజు పోసి, తను తాగేటప్పుడు తల పక్కకి తిప్పుకునేవాడు. నేను సముద్రంలో దూకమంటే ఎంత లోతని అడక్కుండా దూకే రకం. చిన్నవాడు పెద్దవాడికి అలాగే ఉండాలని మా దగ్గర అందరూ అంటారుగానీ, నిజంగా అలా ఉండేవాళ్లు తక్కువ.

వాణ్ణి ఇరవైలో ఎందుకు పెట్టలేదో నాకు మొదట తెలియలేదు. నవంబరు చివర్లో వాడి కుడి మోచేతికి కట్టు పడింది. మెడలోంచి పట్టీ వేలాడింది. లోపల నరం చిరిగిందని, ఒక్క బంతి విసిరినా పూర్తిగా తెగిపోతుందని జట్టు డాక్టరు చెప్పాడట. అప్పటినుంచి వాడు మనిషిలో మనిషి కాడు. “ఎలాగూ చెయ్యి పనికిరాదు కదా, ఈలోగా సైన్యంలో ఆ ఏడాదిన్నరా పూర్తి చేసుకుని రా” అని ఆఫీసువాళ్లు సలహా ఇచ్చారు. మా దేశంలో మగపిల్లలెవరికీ అది ఎలాగూ తప్పదు. వాడు సరేనన్నాడు. సైన్యంలో బేస్‌బాల్ జట్టు ఉంది, కానీ మోచెయ్యి చిరిగినవాణ్ణి అందులోకి రానివ్వరు. పార పట్టుకుని సరిహద్దులో మంచు ఎత్తిపోయాల్సిందే. ఏడాదిన్నర బంతి ముట్టని క్యాచర్ తిరిగొచ్చి ఏం చేస్తాడో నేను చూశాను. ఒకడు మా వీధిలో కోళ్లు వేయిస్తున్నాడు.

నా సంతకానికి ముందు రోజు జట్టంతా కొండవాడలో బొగ్గు పంచడానికి వెళ్లాం. గ్యాసు లేని ముసలివాళ్ల ఇళ్లకి చలికాలం బొగ్గుదిమ్మలు మోసిపెట్టడం ప్రతి ఏడూ ఉండేదే. మూడేళ్లు ఓడిపోయిన ముఖాలకి కాస్త మసి పూసి ఫోటో తీస్తే జనం క్షమిస్తారని ఆఫీసువాళ్ల ఆశ. లారీ కింద రోడ్డు మీద ఆగింది. జట్టు వ్యవహారాలన్నీ చూసే గుక్ డైరెక్టర్ నన్ను తన కారులోకి రమ్మని సైగ చేశాడు. అద్దాలెక్కించి, హీటరు పెంచాడు.

“ఏమయ్యా తక్, జొంజు నుంచి యోమ్ వచ్చాడు, చూశావా?”

“మా మాస్టారా? ఎక్కడ?”

“అదుగో, ఆ బండి దగ్గర చేపముక్కల పులుసు తాగుతున్నాడు. ఊరికే ఇటొచ్చాడట. మంచు కురిసే రోజున నాలుగ్గంటలు కారు నడుపుకుంటూ పులుసు తాగడానికి వస్తాడా ఎవడైనా? ఇవాళ సాయంత్రం ఆరింటికల్లా వాళ్లు పేరు చెప్పాలి. వాళ్లకి క్యాచర్ లేడు. జున్‌సొక్ మీదే కన్ను.”

యోమ్ నాకు హైస్కూల్లో ఆట నేర్పినవాడు. ఇప్పుడు జొంజుకి స్కౌట్. ఎవర్ని తీసుకోవాలో ఆయన చెప్పిందే అక్కడ వేదం.

“చెయ్యి చిరిగినవాణ్ణి ఏం చేసుకుంటారు?” అన్నాను.

గుక్ నవ్వాడు. 

“చిరిగితే కదా!”

నాకు అర్థం కావడానికి కాస్త టైము పట్టింది. అర్థమయ్యాక అద్దం దించాలనిపించింది.

“అంటే? వాడి చెయ్యి బాగానే ఉందా?”

“నా చెయ్యి కన్నా బాగుంది. మరేం చెయ్యమంటావు చెప్పు? ఛైర్మన్ నిన్ను పెట్టమన్నాడు, తన మేనల్లుణ్ణి పెట్టమన్నాడు, ఇరవై నిండిపోయింది. వాణ్ణి ఊరికే అప్పజెప్పనా? సైన్యంలో ఉన్నవాణ్ణి ఎవడూ ముట్టుకోకూడదు, మన ఇరవైలోనూ లెక్కకి రాడు. వచ్చే ఏడు ఇంకొక పిచ్చర్ని కొంటాడు మన ఛైర్మన్. అప్పుడూ ఒక చోటు మిగుల్తుంది. కిమ్‌చీ కుండ మట్టిలో పాతిపెట్టినట్టు, మనకి కావలసినప్పుడు తీసుకుంటాం.”

“వాడికి తెలుసా?”

“తెలిస్తే అంత బాగా ఏడుస్తాడా? సైన్యంలో చేరాక డాక్టరే చెప్తాడు, స్కాన్ సరిగా చూడలేదని.” నా భుజం మీద చెయ్యి వేశాడు. “యోమ్ నిన్ను అడుగుతాడు. నీ మాట నమ్ముతాడు. చిరిగిందని చెప్పు, చాలు. నీ ఒప్పందం నా సొరుగులోనే ఉంది. రేపు పొద్దున్నే వచ్చి సంతకం పెట్టు. వాడు జారిపోతే అదీ జారిపోతుంది మరి.”

 ఆ క్షణంలో దిగిపోయి అరవాల్సింది. కానీ రెండేళ్ల జీతం కళ్లముందు కనపడుతుంటే నోరు అంత తేలిగ్గా లేవదు.

కారు దిగిన పది అడుగుల్లోనే యోమ్ మాస్టారు పట్టుకున్నారు. సీసా అడుగు లాంటి కళ్లజోడు, చేతిలో కాగితం గ్లాసు.

“ఏరా గ్యుచోల్, ఇంకా కూర్చోగలుగుతున్నావా, లేక కుర్చీ వేసుకుంటున్నావా?”

“కుర్చీ అంపైర్ ఇవ్వనంటున్నాడు మాస్టారూ.”

ఆయన నవ్వలేదు. “ఆ కుర్రాడి మోచెయ్యి నిజంగానే పోయిందా?”

గుక్ కారులోంచి మమ్మల్నే చూస్తున్నాడు. 

“చూస్తున్నారుగా, కట్టు,” అన్నాను.

“కట్టు నాకూ కనపడుతోందిరా. నేనడిగింది చెయ్యి గురించి.”

“నేను డాక్టర్ని కాదు మాస్టారూ,” అని తప్పించుకుని కొండెక్కేశాను. అబద్ధం చెప్పలేదు కదా అని నాకు నేనే చెప్పుకున్నాను. అంత సిగ్గుమాలిన మాట నాకు నేను ఇంతకు ముందెప్పుడూ చెప్పుకోలేదు.

కొండవాడ సందు చాలా ఇరుకు. కిందినుంచి పైదాకా మావాళ్లు వరసగా నిలబడి బొగ్గుదిమ్మలు ఒకరి చేతిలోంచి ఒకరికి అందిస్తున్నారు. ఫోటోలవాళ్లు గోడలెక్కారు. జున్‌సొక్ ఊరికే నిలబడలేక ఎడమ చేత్తో ఒక్కొక్క దిమ్మా గుండెకి ఆనించుకుని మోస్తున్నాడు. చొక్కా అంతా మసి.

“ఒంటిచేతి వాడా, పక్కకి తప్పుకోరా, మా పరువు పోతోంది!” అని పిచ్చర్లలో ఒకడు ఆటపట్టించాడు. అందరూ నవ్వారు. వాడూ నవ్వడానికి ప్రయత్నించాడు. ఆ నవ్వు చూశాక నేనక్కడ నిలబడలేకపోయాను. నా మీద నాకే అసహ్యం వేసింది.

యోమ్‌తో చెప్తే అది జట్టుకి ద్రోహం. వాడితో చెప్తే వాడి చెయ్యి సంగతి వాడికి చెప్పినట్టు, అంతే. దాన్ని ద్రోహమని ఎవడైనా అంటే అనుకోనీ. నేను వాడి మెడపట్టీ పట్టుకుని పైనున్న ఆఖరి ఇంటి పెరట్లోకి లాక్కెళ్లాను.

అది ఒక అవ్వ ఇల్లు. పెరట్లో గ్వామెగి చేపలు తాడుకి వేలాడుతూ గాలికి ఎండుతున్నాయి. మమ్మల్ని చూడగానే ఆవిడ బుట్టలోంచి కమలాపళ్లు తీసి చెరొకటి చేతిలో పెట్టింది.

“ఈ చెయ్యి ఏమైంది నాయనా?”

“విరిగిందవ్వా,” అన్నాడు వాడు.

“విరగలేదు,” అన్నాను నేను.

అవ్వ ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, పొయ్యి మీద ఏదో ఉందంటూ లోపలికి వెళ్లిపోయింది. తెలివైన మనిషి.

నేను మొత్తం చెప్పేశాను. ఇరవై సంగతి, డాక్టరు సంగతి, సైన్యం ఎందుకన్నదీ, కింద యోమ్ ఎందుకు నిలబడి ఉన్నాడన్నదీ, ఆరింటి సంగతీ.  చివరికి వాడు ఎడమ చేత్తో కుడి మోచెయ్యి మెల్లగా తడుముకున్నాడు, తనది కానిదాన్ని ముట్టుకున్నట్టు.

“నొప్పి లేదని నాకు అనుమానంగానే ఉందన్నా. కట్టు వల్ల తెలియడం లేదేమో అనుకున్నా. రోజూ పొద్దున్నే లేవగానే అనుకునేవాణ్ణి, ఇక నా బతుకు నాన్న పడవలోనే అని.” కళ్లు తుడుచుకున్నాడు. ముఖమంతా నల్లగా అయిపోయింది. “మీకెప్పుడు తెలిసింది?”

“ఇందాకే.”

“డైరెక్టర్ గారు చెప్పారా?”

“ఊఁ.”

వాడు కాసేపు ఆలోచించాడు. ఆ ఆలోచన ఎక్కడికి పోతోందో నాకు తెలిసిపోయింది. నాలుగేళ్లు వాడి పక్కనే కూర్చుని ఆట నేర్పినవాణ్ణి నేను.

“రేపు మీ సంతకం కదన్నా?”

“దాని సంగతి నీకెందుకురా?”

“నేనిప్పుడు కింద దిగి చెయ్యి ఊపితే, చెప్పింది మీరేనని డైరెక్టర్ గారికి తెలిసిపోతుంది. మీ సంతకం ఉంటుందా?”

నేను నా కమలాపండు తొక్క వలవడం మొదలెట్టాను. అదే జవాబైపోయింది. వాడు పెరటి గోడకి చేరగిలబడి కింద కూర్చున్నాడు. వాడి ముఖంలో పొద్దుటినుంచి లేని స్థిమితం వచ్చింది. నాకు అది చూస్తేనే భయమేసింది.

“వద్దన్నా. సైన్యానికే పోతాను. చెయ్యి బాగానే ఉందని తెలిసింది కదా, అది చాలు నాకు. ఏడాదిన్నర ఎంతసేపు! మీరు రెండేళ్లు ఆడుకోండి. మీ మోకాళ్లకి కూడా బాగుంటుంది, నిదానంగా...” అని నవ్వాడు. “నేనొచ్చేసరికి మీరే నాకు కోచ్ అవుతారు.”

వాడు నిజంగానే అంటున్నాడు. ఆ క్షణంలో నేను ఊఁ అంటే చాలు, నాకు రెండేళ్లు దక్కేవి. వాడు సంతోషంగా వెళ్లి మంచు ఎత్తిపోసుకునేవాడు. నన్ను జీవితాంతం అన్నా అని పిలిచేవాడు. ఊఁ అనాలని నాకు ఎంత అనిపించిందో చెప్పలేను. నోటిదాకా వచ్చింది.

“ఒరేయ్, పిచ్చోడా,” అన్నాను. “నా సంతకం నిన్ననే అయిపోయింది.”

వాడు తలెత్తాడు.

“నేనేదో త్యాగం చేస్తున్నానని కథలల్లకు. సైన్యం నుంచి తిరిగొచ్చి ఎక్కడ కూర్చుంటావు నువ్వు? నా చోట్లోనే కదా? అప్పటికి నా ఒప్పందం ఇంకా మిగిలే ఉంటుంది. నిన్ను కూర్చోబెట్టి నన్ను బెంచీ మీద కూర్చోబెడతారు. నాకేం అవసరం ఆ బెడద? జొంజుకి పో. నాకు పీడ విరగడవుతుంది.”

“అన్నా, ఊరికే అనకండి...”

“ఊరికే అనడమేంట్రా? నాలుగేళ్లుగా నా వెనకే తోకలా తిరిగావు. నువ్వొక మంచి బంతి విసిరిన ప్రతిసారీ, ఈ కుర్రాడు ఎప్పుడొస్తాడు, ఈ ముసలాడు ఎప్పుడు పోతాడు అని వెనక ఎవడో ఒకడు అనేవాడు. నీకు వినపడలేదా? నాకు వినపడింది. నీకు చెప్పింది నీ కోసం కాదు, నా కోసమే.”

సంతకం సంగతీ, ఆ చివరి మాటా అబద్ధాలే; మిగతాదంతా అబద్ధమని చెప్పలేను. వెనక మాటలు నిజంగానే వినపడ్డాయి. బాధపడ్డాను కూడా. అందుకే వాడు నమ్మాడు. వాడి పెదాలు తెల్లబడ్డాయి.

“మీరు అబద్ధం చెప్తుంటే? చెయ్యి నిజంగానే చిరిగి ఉంటే? నేను విసిరితే తెగిపోతుంది. అప్పుడు ఇంకా పీడ విరగడే కదా మీకు?”

ఆ మాట గుండెలో దిగింది. నాకూ గుక్ మాట తప్ప వేరే సాక్ష్యం ఏముంది? ఒకవేళ గుక్ నాతో ఆడిందే నాటకమైతే?  కానీ వెనక్కి తగ్గితే వాడు మళ్లీ గోడకి చేరగిలబడతాడు.

“భయమైతే కట్టు ఉంచుకో,” అన్నాను. “పిరికివాడికి సైన్యమే మంచిది.”

వాడు లేచాడు. కట్టు ముడి పంటితో పట్టి లాగాడు. గుడ్డ చుట్లు చుట్లుగా మంచు మీద పడింది. రెండు వారాలుగా వెలుతురు చూడని చెయ్యి పాలిపోయి ఉంది. కమలాపండు ఆ చేతిలోకి మార్చుకుని నాకేసి చూశాడు. ఒక్క క్షణం నా ముఖానికే విసురుతాడనుకున్నాను. విసిరితే బాగుండునని కూడా అనిపించింది.

వాడు సందు మొదట్లోకి వెళ్లి నిలబడ్డాడు. కింద, మెట్ల చివర, లారీ తలుపు పక్కన యోమ్ మాస్టారు గ్లాసు పట్టుకుని నిలబడి ఉన్నారు. మధ్యలో వరసగా మావాళ్ల తలలు. జున్‌సొక్ అడుగు వెయ్యలేదు, ఊపు తీసుకోలేదు. చెవి పక్కనుంచి మణికట్టు ఒక్కసారి కదిలింది.

నేను వాడి ముఖం చూశాను. పండుని చూడలేదు. ముఖం నొప్పితో మెలికపడుతుందేమోనని చూశాను. పడలేదు.

కిందినుంచి రేకు మోగింది. పండు మావాళ్ల తలల మీదుగా పోయి, యోమ్ చెవి పక్కన లారీ తలుపు మీద పగిలింది. కళ్లజోడు నిండా రసం. వరస మొత్తం ఆగిపోయింది. ఎవడి చేతిలోనో ఉన్న బొగ్గుదిమ్మ జారి మెట్ల మీద ముక్కలైంది. మాస్టారు కళ్లజోడు తీసి, వేలితో రసం తుడిచి నోట్లో పెట్టుకున్నారు. తర్వాత పైకి, కట్టు లేని ఆ చేతికేసి చూసి, జేబులోంచి ఫోను తీశారు.

గుక్ ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చాడు. ఫోటోలవాళ్లు చుట్టూ ఉన్నారు కాబట్టి నవ్వు ముఖం పెట్టుకునే నన్నడిగాడు.

“ఎవరు చెప్పారు?”

“నేనే.”

“రేపు రానక్కర్లేదు.”

“సరే,” అన్నాను. మళ్లీ వరసలో చేరి బొగ్గు మోశాను. ముసలమ్మలు ఏం పాపం చేశారు!

ఆరు కాకముందే జొంజు వాళ్లు జున్‌సొక్ పేరు చెప్పారు. ఆ రాత్రి ఇంట్లో నా భార్య నా పళ్లెంలో ఇంకొంచెం అన్నం పెట్టింది. నేను దాన్ని కెలుకుతూ కూర్చున్నాను. ఏం పని వెతుక్కోవాలో అప్పటికీ తెలియలేదు. ఇప్పటికీ పూర్తిగా తెలియదు.

మర్నాడు సామాను తెచ్చుకోవడానికి నేనూ మైదానం పక్కన ఆటగాళ్ల గదికి వెళ్లాల్సి వచ్చింది. వాడూ అక్కడే ఉన్నాడు. వాళ్ల నాన్న వ్యాను తెచ్చాడు. వాడు ఒక్కొక్కరి ముందూ నిలబడి నడుము దాకా వంగి నమస్కారం చేశాడు. కోచ్‌లకి, వంటావిడకి, గడ్డి కోసేవాడికి, చివరికి గుక్‌కి కూడా. నేను తలుపు పక్కనే ఉన్నాను. నా ముందు నుంచి వెళ్లేటప్పుడు వాడి మెడ కాస్త కూడా వంగలేదు. చిన్నవాడు అలా పోవడం మా దగ్గర చెంపదెబ్బ కన్నా ఎక్కువ. గదిలో అందరూ చూశారు.

గుక్ నా పక్కకి వచ్చాడు. పాపం, వాడూ మనిషే.

“నీ ఒప్పందం పోయిందని వాడికి తెలీదా?”

“తెలీదు.”

“పిలిచి చెప్పనా? కనీసం నీకు దణ్ణం పెట్టి వెళ్తాడు.”

“చెప్పావంటే ఊరుకోను డైరెక్టర్,” అన్నాను. ‘గారు’ అనడానికి ఇక అవసరం లేదు. “చెప్తే అక్కడ కూర్చుని ఇక్కడి గురించి ఏడుస్తూ ఉంటాడు. ఏప్రిల్లో వాడు మీ మీదకి ఆడటానికొస్తాడు. కోపంతోనే రానీ.”

బయట వ్యాను తలుపు పడింది. కిటికీలోంచి వాడి తల వెనక భాగం కనపడింది. ఒక్కసారి తిరిగితే చాలు, చెయ్యి ఊపుదామనుకున్నాను. తిరగలేదు. ‘ఒరేయ్’ అని పిలవాలని గొంతు దాకా వచ్చింది. పళ్లు బిగపట్టి, వ్యాను గేటు దాటేదాకా అలాగే నిలబడ్డాను.